పాత్రో అనే ఇంటిపేరు ఎక్కడిది? డీఎన్ఏ పరీక్షతో మూలాలు తెలుస్తాయా?

ప్రశ్న – బరంపురం, గోసానినువాగాం నుంచి

అందరికీ నమస్కారం. మాది గంజాం జిల్లా బరంపురం. ఇంట్లో తెలుగు మాట్లాడతాం, బజారులో ఒడియా మాట్లాడతాం, పిల్లలు ఒడియా మీడియంలోనే చదువుకున్నారు. ఆధార్ కార్డుల్లోనూ బడి సర్టిఫికెట్లలోనూ మా అందరి పేర్ల చివర పాత్రో అని ఉంటుంది. ఈమధ్య మా అమ్మాయికి టెక్కలి వైపు నుంచి ఒక సంబంధం వచ్చింది. పెళ్ళికొడుకు తరఫు పెద్దలు ఎంతో మర్యాదగా మాట్లాడారు గాని, బయోడేటా చేతికి తీసుకోగానే "పాత్రో అంటే ఒడియా వాళ్ళు కదండీ, మీ అసలు ఇంటిపేరు ఏమిటి?" అని అడిగారు. మేము తెలుగువారమేనని చెప్పాను. అయితే ఆ పేరు మాకు ఎలా వచ్చిందని మళ్ళీ అడిగితే చెప్పడానికి నా దగ్గర సరైన వివరం లేకపోయింది.

మా నాన్నగారి ట్రంకుపెట్టెలో తాతగారి కాలంనాటి క్రయ దస్తావేజు ఒకటి ఉంది. మద్రాసు ప్రెసిడెన్సీ స్టాంపు కాగితం మీద తెలుగులో రాసినది. అందులో తాతగారి పేరుకు ముందు ఒక ఇంటిపేరు, పేరు చివర పాత్రుడు అని స్పష్టంగా కనిపిస్తున్నాయి. కింద సాక్షుల్లో ఇద్దరు తెలుగులోనూ ఒకరు ఒడియాలోనూ చేవ్రాలు చేశారు. నాన్నగారి పేరున ఉన్న భూమి పట్టా మాత్రం ఒడియాలో ఉంది. అందులో ఆ ఇంటిపేరు ఎక్కడా లేదు, పేరు చివర పాత్ర అని మాత్రమే ఉంది.

హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి ఈ సంగతి విని ఉమ్మి నమూనా పంపించి డీఎన్ఏ పరీక్ష చేయించుకున్నాడు. ఫలితంలో కొంత భాగం దక్షిణ భారతం, కొంత భాగం తూర్పు భారతం అనీ, తండ్రి వైపు వంశరేఖ హెచ్ అనే వర్గానికి చెందినదనీ వచ్చింది. దీన్నిబట్టి మా మూలం ఒడియా అనుకోవాలా, తెలుగు అనుకోవాలా? పాత్రో అని పిలిపించుకునే వారందరూ ఒకే వంశం వారా? తెలిసినవారు వివరంగా చెప్పగలరని మనవి.

జవాబు – మహేంద్రతనయ, పర్లాకిమిడి

అయ్యా, మీ ప్రశ్నకు సగం జవాబు మీ తాతగారి దస్తావేజులోనే ఉంది. అది పారేయకుండా దాచినందుకు మీ నాన్నగారికి నమస్కరించాలి.

పాత్ర, మహాపాత్ర అనేవి మొదట పదవుల పేర్లు. కళింగాన్ని ఏలిన గంగ రాజుల కాలంలోనూ ఆ తరువాత గజపతుల కాలంలోనూ కొలువులో మంత్రులకు, పెద్ద అధికారులకు ఇచ్చిన బిరుదులు. శ్రీకూర్మం, ముఖలింగం, సింహాచలం ఆలయాల శాసనాల్లో ఇటువంటి ఉద్యోగుల పేర్లు విరివిగా కనిపిస్తాయి. పట్నాయక, సేనాపతి, సాంధివిగ్రహి, హరిచందన వంటివి కూడా అలా కొలువు నుంచి పుట్టి, చాలా కాలం తరువాత ఇంటిపేర్లుగా స్థిరపడినవే. 15వ శతాబ్దంలో కపిలేంద్ర గజపతి తరఫున రాజమహేంద్రవరాన్ని పాలించిన రఘుదేవుణ్ణి తీసుకోండి. అతడు రఘుదేవ నరేంద్ర మహాపాత్ర. అతని తండ్రి, కపిలేంద్రుని సోదరుడైన పరశురాముడు, హరిచందన అనే బిరుదు గలవాడు. తండ్రికి ఒక బిరుదు, కొడుక్కి మరొకటి. ఆనాటికి అవి వంశం పేర్లు కావని ఇంతకన్నా స్పష్టంగా చెప్పే ఉదాహరణ నాకు కనబడలేదు.

రాజుల తరువాత జమీందారులు కూడా అదే పద్ధతి కొనసాగించారు. గ్రామపెద్దకు, కులపెద్దకు, కోట ఉద్యోగికి పాత్రుడు అనో, బెహరా అనో, దొర అనో గౌరవం ఇచ్చేవారు. ఆ గౌరవం ఏ ఒక్క కులానికీ పరిమితం కాలేదు, ఏ ఒక్క భాష మాట్లాడేవారికీ పరిమితం కాలేదు. మీ బరంపురంలోనే దీనికి సజీవమైన సాక్ష్యం ఉంది. రెండేళ్ళకొకసారి జరిగే బుఢీ ఠాకురాణి యాత్రలో అమ్మవారిని ఆడపడుచుగా పుట్టింటికి పిలుచుకొని వచ్చేది దేశిబెహరా. ఆయన పట్టు నేసే డేరా కులస్థుల పెద్ద. ఆ నేతవారు తెలుగుదేశం నుంచి వచ్చి స్థిరపడ్డవారు. అంటే తెలుగు మూలం ఉన్న ఒక సమాజపు పెద్ద ఒడియా బిరుదుతో ఆ ఊరి ప్రధాన ఉత్సవానికి నడుం కట్టుకొంటున్నాడు. ఆ బిరుదును చూసి ఆయన పుట్టుకను నిర్ణయించలేం గదా.

ఇక మీ దస్తావేజులో ఉన్న పేరు తీరు మన ప్రాంతానిదే. ఇంటిపేరు ముందు, పెట్టిన పేరు నడుమ, బిరుదు చివర. బరంపురానికే చెందిన సర్ అన్నెపు పరశురామదాసు పాత్రోగారు ఈ పద్ధతికి అందరికీ తెలిసిన ఉదాహరణ. జస్టిస్ పార్టీ నాయకుడుగా 1921లో మద్రాసు ప్రెసిడెన్సీ విద్యామంత్రి అయ్యారు. ఆంధ్ర విశ్వవిద్యాలయ చట్టం ఆయన మంత్రిగా ఉన్న రోజుల్లోనే, 1926లో వచ్చింది. ఆయన పేరులో అన్నెపు ఇంటిపేరు, పాత్రో బిరుదు. సరిహద్దుకు అవతల ఆంధ్రలో నర్సీపట్నం నాయకులు చింతకాయల అయ్యన్నపాత్రుడుగారి పేరు కూడా అదే కూర్పులో ఉంది. తెలుగులో పాత్రుడు అయినది ఒడియా పలుకుబడిలో పాత్రొ అయింది, ఇంగ్లీషు కాగితాల్లో పాత్రోగా నిలిచింది.

ఇంటిపేరు ఎక్కడ రాలిపోయిందో ఊహించడం కష్టం కాదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రం అయినప్పుడు గంజాం మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి విడిపోయింది. ఆ తరువాత బడి రిజిస్టర్లూ భూమి రికార్డులూ ఒడియాలో తయారయ్యాయి. పేరు చివర వచ్చేదే కుటుంబం పేరుగా రాసుకొనే ఆ పద్ధతిలో ముందున్న ఇంటిపేరుకు గడి లేదు. అది పొడి అక్షరమైనా అయింది, లేదా పూర్తిగా పోయింది. ఇచ్ఛాపురం నుంచి శ్రీకాకుళం దాకా ఉన్న మీ దాయాదులకు ఇంటిపేరు నిలిచి బిరుదు పోయి ఉండవచ్చు. కాబట్టి వారిని వెతికేటప్పుడు పాత్రో అని వెతకకండి, దస్తావేజులో ఉన్న ఇంటిపేరుతో వెతకండి.

జవాబు – జన్యుశాస్త్ర విద్యార్థిని, హైదరాబాదు (స్వస్థలం రాయగడ)

మహేంద్రతనయగారు చెప్పిన చరిత్ర తరువాత డీఎన్ఏ సంగతి చెప్పడం తేలిక అయింది. మీ అబ్బాయికి వచ్చిన ఫలితంలో నిజానికి రెండు వేర్వేరు పరీక్షలు ఉన్నాయి. వాటిని విడివిడిగా చూడాలి.

తండ్రి వైపు వంశరేఖ అనేది వై క్రోమోజోము. తండ్రి నుంచి కొడుక్కి, కొడుకు నుంచి మనవడికి దాదాపు మార్పు లేకుండా వస్తుంది. ఇంటిపేరు కూడా అదే దారిన వస్తుంది కాబట్టి రెండింటినీ కలిపి చూడాలన్న ఆలోచన సహజమే. కాని హెచ్ అనే వర్గం వేల ఏళ్ళ నాటిది. దేశమంతటా, కులాలకూ భాషలకూ అతీతంగా కనిపించేది. దక్షిణాదిలో మరీ ఎక్కువ. ఏ బిరుదూ ఏ భాషా పుట్టకముందే విడిపోయిన కొమ్మ అది. దాన్నిబట్టి ఒడియా అనీ తెలుగు అనీ తేల్చే వీలు లేదు. పైగా పది తరాలు వెనక్కు వెళ్తే ఆ తరంలో మీ అబ్బాయికి పూర్వీకుల స్థానాలు 1,024 ఉంటాయి. వై క్రోమోజోము ఆ 1,024 మందిలో ఒక్కరి కథ మాత్రమే చెబుతుంది. మిగిలిన 1,023 మందిలో మీ నాయనమ్మల, అమ్మమ్మల పుట్టిళ్ళన్నీ ఉన్నాయి. వారి ఊళ్ళకు, వారి భాషలకు మీ వంశంలో చోటు లేదా? ఇంటిపేరు చుట్టూ వెతికేవాళ్ళం ఆడవారిని ఇలా వదిలేయడం నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది.

ఇక దక్షిణ భారతం ఇంత, తూర్పు భారతం ఇంత అన్న భాగం. ఆ కంపెనీలు మీ నమూనాను ఈనాడు బతికి ఉన్న మనుషుల నమూనాలతో పోల్చి, ఎవరికి దగ్గరగా ఉంటే ఆ పేరు పెడతాయి. తమ దగ్గర ఏ ప్రాంతాల నమూనాలు ఎక్కువ ఉంటే ఫలితం అటు మొగ్గుతుంది. గంజాం, శ్రీకాకుళం మధ్య గీత 1936లో గీసినది. డీఎన్ఏలో అటువంటి గీత ఉండదు. సోంపేటలో పుట్టినవారికీ బరంపురంలో పుట్టినవారికీ ఇటువంటి మిశ్రమమే రావడంలో ఆశ్చర్యం లేదు.

ఇంకా లోతుకు వెళ్తే, 2013లో మన హైదరాబాదులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలూ అమెరికాలోని హార్వర్డ్ వారూ కలిసి ప్రకటించిన పరిశోధన ఒకటి ఉంది. ఉపఖండంలోని సమూహాలన్నీ సుమారు 4,200 నుంచి 1,900 ఏళ్ళ క్రితం మధ్య ఒకదానితో ఒకటి విస్తారంగా కలిశాయనీ, ఆ తరువాతే కులం లోపలి పెళ్ళిళ్ళు గట్టిపడ్డాయనీ అందులో తేలింది. గజపతుల కాలం అంటే ఆరువందల ఏళ్ళు కూడా లేదు. అప్పటికి ఆ కలయిక ఎప్పుడో ముగిసింది. మన కొండల్లోని సవరలు మాట్లాడేది ముండా కుటుంబ భాష. ఆ కుటుంబ భాషలు మాట్లాడే మగవారిలో ‘ఓ’ (O) అనే వై వర్గం ఎక్కువగా కనిపిస్తుంది. భాషకూ వంశరేఖకూ ఆ మాత్రం సంబంధం కనిపించే సందర్భాలు ఉన్నాయి. కాని తెలుగు, ఒడియా మధ్య ఆ మాత్రం కూడా ఆశించకండి.

అయితే మీ ఇంటి ఆచారం గురించి డీఎన్ఏ ఒక మాట చెప్పగలదు. తెలుగు కుటుంబాల్లో మేనమామ కూతురినో మేనత్త కొడుకునో చేసుకోవడం తరతరాలుగా ఉంది. ఒడియా కుటుంబాల్లో సాధారణంగా ఆ సంబంధాలు చేసుకోరు. మేనరికం జరిగినప్పుడు బిడ్డకు తల్లి నుంచీ తండ్రి నుంచీ ఒకే పూర్వీకుని డీఎన్ఏ ముక్క వస్తుంది. అలా రెండు వైపులా అచ్చం ఒకేలా ఉండే పొడవైన ముక్కలు పరీక్షలో కనిపిస్తాయి. మీ అబ్బాయి పూర్తి వివరాల ఫైలు దించుకొని ఆ భాగం చూడమనండి. అవి ఎక్కువగా ఉంటే మీ ఇంట మేనరికాలు జరిగాయని అర్థం. లేకపోతే మాత్రం మీరు తెలుగువారు కారని అర్థం కాదు. ఇది పెళ్ళిచూపుల్లో రుజువుగా చూపించవలసిన విషయం కాదు, డాక్టరుగారికి చెప్పవలసిన విషయం.

జవాబు – టెక్కలి నుంచి

సోదరా, మా వైపు పెద్దలు ఇంటిపేరు అడిగేది మిమ్మల్ని తక్కువ చేయడానికి కాదు. సంబంధం కలుపుకొనేటప్పుడు ఇంటిపేరు, గోత్రం, మేనమామల ఇంటిపేరు చెప్పించుకోవడం మా దగ్గర ఆనవాయితీ. ఇరు పక్షాలదీ ఒకే ఇంటిపేరైతే అన్నదమ్ముల వరస అవుతుంది, అక్కడితో ఆ మాట ఆగిపోతుంది. పాత్రో అని విన్నప్పుడు ఆ లెక్క వారికి అందదు. బయోడేటాలో అమ్మాయి పేరుకు ముందు దస్తావేజులోని ఇంటిపేరు రాసి, గోత్రమూ, మీ ఇల్లాలి పుట్టింటివారి ఇంటిపేరూ కలిపి మళ్ళీ పంపండి. మాకు బరంపురంలోనూ పర్లాకిమిడిలోనూ చుట్టాలున్నారు. పాత్రో, పట్నాయక్ అని రాసుకొనే తెలుగువారు మాకు కొత్త కాదు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. ఇంట్లో అమ్మను కూర్చోబెట్టి అడిగితే ఇంకొక సంగతి తెలిసింది. మా ముత్తాతగారు ఈ ఇంటికి దత్తత వచ్చారట. ఆయన జన్మస్థలం పలాస దగ్గర ఒక పల్లె అని మాత్రం అమ్మకు గుర్తుంది. అలాగైతే మా అబ్బాయి వై క్రోమోజోము, ఈ ఇంటిపేరు వేర్వేరు దారుల్లో వచ్చినట్లే కదా?

జవాబు – జన్యుశాస్త్ర విద్యార్థిని

అవునండి. దత్తత జరిగిన చోట వై క్రోమోజోము జన్మనిచ్చిన తండ్రిది, ఇంటిపేరు పెంచిన తండ్రిది. దగ్గరి బంధువునే, అంటే అన్నదమ్ముల కొడుకునే, దత్తత తీసుకొని ఉంటే రెండూ ఒకటే అయ్యే అవకాశమూ ఉంది. అది తేల్చాలంటే అదే ఇంటిపేరు గల మరొక శాఖలోని మగవారు ఒకరు, పలాస వైపు జన్మకుటుంబంలోని మగవారు ఒకరు పరీక్షకు ఒప్పుకోవాలి. అప్పుడు వర్గం పేరు చూసి ఊరుకోకుండా 37 గాని 111 గాని గుర్తులను పోల్చే వై పరీక్ష చేయించాలి. దగ్గరి తరాల్లో ఉమ్మడి తాత ఉన్నాడో లేడో దానితో అంచనా వేయవచ్చు. ఒక ముఖ్యమైన మాట. అటువంటి పరీక్షకు ఎవరినీ మొహమాటపెట్టకండి. దాచిపెట్టుకున్న కుటుంబ విషయాలు దానిలో బయటపడతాయి. పైగా ఆ సమాచారం ఎవరి చేతుల్లో ఉంటుందో ముందే చూసుకోవాలి. ఈ వ్యాపారంలో పేరు మోసిన అమెరికా కంపెనీ ట్వంటీత్రీ అండ్ మీ 2025 మార్చిలో దివాలా పిటిషను వేసినప్పుడు, లక్షల మంది తమ డీఎన్ఏ వివరాలు ఏమవుతాయోనని ఆందోళన పడ్డారు.

జవాబు – మహేంద్రతనయ

దత్తత సంగతికి కాగితమే దగ్గరి దారి. దత్తత పత్రం రిజిస్టరు అయి ఉంటే సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో నకలు అడగవచ్చు. జిల్లా రికార్డుల కోసం ఛత్రపురం కలెక్టరేటులో విచారించండి. 1936కు ముందటి ప్రెసిడెన్సీ స్థాయి రికార్డులు చెన్నైలో ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. మీ పెద్దలెవరైనా గయలో పిండప్రదానం చేసి ఉంటే అక్కడి పండాల (తీర్థ పురోహితుల) బహీల్లో, అంటే వంశావళి పుస్తకాల్లో, ఊరి పేరు కింద తండ్రి, తాతల పేర్లు రాసి ఉండవచ్చు. శాసనాల మీద ఆసక్తి ఉంటే దక్షిణ భారత శాసనాల 5వ సంపుటంలో శ్రీకూర్మం, ముఖలింగం, 6వ సంపుటంలో సింహాచలం ఉన్నాయి. అందులో పాత్ర అన్న మాట కనబడగానే మన తాత అనుకోకండి. ఊరు, సంవత్సరం, దానం ఇచ్చినవారి తండ్రి పేరు మూడూ రాసుకొని, అప్పుడు ఆలోచించండి.

ప్రశ్న అడిగినవారు

బయోడేటా మార్చి టెక్కలికి పంపించాను. దస్తావేజు రంగు నకలు తీయించి అమ్మాయికీ అబ్బాయికీ చెరొకటి ఇచ్చాను. వచ్చే వారం పలాస వెళ్ళి ముత్తాతగారి జన్మకుటుంబం వారిని వెతుకుతాను. కాశీబుగ్గ, మందస వైపు ఎవరి ఇంట్లోనైనా ఇంటిపేరు, పాత్రుడు రెండూ ఉన్న పాత తెలుగు కాగితం ఉంటే, ఊరి పేరు, సంవత్సరం ఇక్కడ రాయగలరు.