సిలికా పూత పూస్తే కాడ్మియం డాట్లు నిరపాయమేనా?

బరంపురం పరిశోధకురాలు:
క్వాంటమ్ డాట్లకు, అంటే కాంతి పడితే రంగులీనే నానో స్ఫటికాలకు, 2023లో నోబెల్ వచ్చిన దగ్గర నుంచి అందరిదీ ఒకటే ప్రశ్న: లోపల కాడ్మియం లాంటి విషలోహం పెట్టుకుని రోగపరీక్షకు ఎలా వాడతారు? మలేరియా పట్టీ మీద కనిపించే ఎర్రగీత బంగారు కణాలది. వాటి బదులు కాడ్మియం సెలినైడ్ డాట్లు పెడితే అతినీల దీపం కింద గీత తానే వెలుగుతుంది. చుట్టూ సిలికా పూత, అంటే గాజు గోడ ఉండగా భయమెందుకు?

గుణుపురం మాస్టారు:
గాజా? ఇసుకను కొలిమిలో కరిగిస్తే గాజు. మీరు సీసాలో కలిపేది గాజు ఎలా అవుతుందమ్మా? ముప్పై ఏళ్లు కెమిస్ట్రీ చెప్పాను.

బరంపురం పరిశోధకురాలు:
మాటవరసకు అన్నాను మాస్టారూ. సైక్లోహెక్సేన్‌లో సబ్బులాంటి పదార్థం కలిపి, కాస్త అమోనియా నీళ్లు వేస్తే కంటికి కనిపించనంత చిన్న నీటిబొట్లు ఏర్పడతాయి. టీఈఓఎస్ అనే సిలికాన్ ఉన్న ద్రవం అక్కడ విడిపోయి డాటు చుట్టూ సిలికాగా పేరుకుంటుంది. 1968లో స్టోబర్ అనే శాస్త్రవేత్త చూపిన రసాయన చర్యే ఇది. రాత్రంతా తిప్పుతూ ఉంటే ఆరు నానోమీటర్ల డాటు పొద్దుటికి నలభై అవుతుంది.

గుణుపురం మాస్టారు:
కొలిమి లేదని ఒప్పుకున్నట్టే కదా.

జయపురం వాసి:
ఆ దీపం ఆశా కార్యకర్తకు ఎవరు కొనిస్తారు?

రాయగడ పాత విద్యార్థి:
ఈ పని నేనూ మూడేళ్లు చేశాను. పూతకు ముందు నిప్పుకణికలా ఉన్న ఎరుపు, పూత పడ్డాక బూడిద కప్పినట్టు మసకబారేది. డాటును అంటిపెట్టుకున్న పాత అణువులు ఊడిపోతే అంతే. బాగా వచ్చిన ఒకే ఒక్క సీసా ఫొటో పత్రంలోకి ఎక్కింది, నా పేరు ఎక్కలేదు.

బరంపురం పరిశోధకురాలు:
మీకూ మీ గైడుకూ ఉన్న తగువును డాట్లకు అంటగట్టకండి.

రాయగడ పాత విద్యార్థి:
మసకబారిన సీసాలను దాచింది డాట్లు కాదు కదా!

గుణుపురం మాస్టారు:
గాజు మాటను నేను ఊరికే పట్టుకోలేదు. కొలిమి చూడని సిలికాకు సన్నని రంధ్రాలుంటాయి. నీరు లోపలికి పోయే దారిలోనే కాడ్మియం బయటికి రాగలదు. మా కోడలు ఆశా కార్యకర్త. వాడిన పట్టీలు సంచిలో తెచ్చి పెరటి గోతిలో తగలబెడుతుంది. గాజు గోడ అంటే నమ్ముతుంది.

బరంపురం పరిశోధకురాలు:
ఒక పట్టీలో ఉండేది మైక్రోగ్రాముల్లోనే. వాటిని ఎక్కడ పారేస్తారన్నది నా పరిశోధనాంశం కాదు.

గుణుపురం మాస్టారు:
లెక్క నాకూ వచ్చు. గోతికీ మా బావికీ మధ్య పన్నెండు అడుగులు. మీది కాకపోతే అది ఎవరి అంశమమ్మా?

జయపురం వాసి:
కాడ్మియం లేని ఇండియం ఫాస్ఫైడ్ డాట్లున్నాయిగా?

రాయగడ పాత విద్యార్థి:
ఉన్నాయి. తేమకు, గాలికి అవి ఇంకా సుకుమారం. మళ్లీ పూత దగ్గరికే వస్తారు.

బరంపురం పరిశోధకురాలు:
మొదటి పోస్టులో 'గాజు' తీసేశాను మాస్టారూ. మిగతాది తీయను.

గుణుపురం మాస్టారు:
'గోడ' ఇంకా ఉంది.