"జీర్ణం జీర్ణం వాతాపి జీర్ణం": ఈ జీర్ణం, జీర్ణోద్ధరణలో జీర్ణం ఒకటేనా?

ప్రశ్న (కడప): పసిబిడ్డకు పాలు పట్టాక పొట్ట నిమురుతూ మా జేజి "జీర్ణం జీర్ణం వాతాపి జీర్ణం, గుర్రం తిన్న గుగ్గిళ్లు జీర్ణం" అనేది. ఇప్పుడు మా పాపకు నేనూ అదే అంటున్నా. పాత గుడిని బాగుచేస్తే జీర్ణోద్ధరణ అంటారు కదా, రెండూ ఒకే మాటేనా? పాపకు ఐదో నెల. రాగి జావ మొదలుపెట్టమని ఇంట్లో ఒకటే పోరు.

జవాబు (అనంతపురం): ఒకటే అక్కా. సంస్కృతంలో 'జౄ' అంటే ముసలిదవడం, శిథిలం కావడం. 'జర' కూడా అందులోంచి వచ్చిందే. తెలుగులోనూ అంతే చూడండి. చెప్పులు అరుగుతాయి, తిన్న సంగటీ అరుగుతుంది.

జవాబు (కర్నూలు): వాతాపి కథలో ఆ రెండర్థాలూ కలిసే ఉన్నాయి. ఇల్వలుడు తమ్ముణ్ణి మేకగా మార్చి వండిపెడితే అగస్త్యుడు తిని అరిగించేసుకున్నాడు. అన్న పిలిచినా వాతాపి మళ్లీ లేవలేదు. అరగడమంటే రూపు లేకుండా పోవడమే. కానీ సార్, తిన్నది అరగడానికి ఒంట్లో ఊరే ఎంజైమ్ చేసేది అరగదీయడమా, తెంపడమా?

జవాబు (అనంతపురం): తెంపడమే అన్నా. నేను పిల్లలకు జీవశాస్త్రం చెప్తాను, ఇది నాకు ఇష్టమైన పాఠం. పిండి పదార్థమంటే గ్లూకోజ్ అణువుల పొడవాటి గొలుసు. పొట్ట వెనక ఉండే క్లోమం అనే గ్రంథి నుంచి చిన్నపేగులోకి వచ్చే అమైలేజ్ అనే ఎంజైమ్ దాన్ని మధ్యమధ్యలో తెంపి మాల్టోజ్ (రెండు గ్లూకోజ్‌ల జత) లాంటి చిన్న ముక్కలు చేస్తుంది. గొలుసు కొమ్మలుగా చీలే చోట మాత్రం తెంపలేదు. అక్కడా, ఆ ముక్కల్ని గ్లూకోజ్‌గా విడగొట్టే దగ్గరా పని పేగు గోడ మీది ఎంజైములది. ఈ అమైలేజ్‌ను తయారుచేయించే జన్యువు ఏఎంవై2ఏ, 1వ క్రోమోజోమ్ మీద ఉంది. నోట్లో ఊరే అమైలేజ్ జన్యువులు, ఏఎంవై1 రకాలు, దాని పక్కనే ఉంటాయి.

అక్కా, ఇక మీ పాప సంగతి. ఆ జన్యువు పుట్టుకతోనే ఉంటుంది. క్లోమంలో అది బాగా పని అందుకోవడానికే నెలలు పడుతుంది. అప్పుడే పుట్టిన బిడ్డ క్లోమరసంలో అమైలేజ్ చాలా తక్కువ. పాలలో ఉండే చక్కెర లాక్టోజ్, దానికి అమైలేజ్‌తో పనే లేదు. పైగా తల్లిపాలలోనే కొంత అమైలేజ్ ఉంటుంది. గుగ్గిళ్లూ జావా అలా కాదు, వాటిలో ఎక్కువ ఉండేది పిండే. 6 నెలలు నిండేదాకా తల్లిపాలే చాలని డాక్టర్లు చెప్పేదీ దీనికి సరిపోతుంది. ఆ 6 నెలలూ నిండేదాకా ఆగి, డాక్టర్‌ను ఒకమాట అడిగి, పల్చటి జావ రెండు చెంచాలతో మొదలుపెట్టండి. జేజి పాట మాత్రం ఆపొద్దు.