లా ఫర్మ్‌లో ప్రేమ: టీమ్ మారాల్సింది ఎవరు?

తొలకరి:
మా టీమ్‌లో ఒక పార్ట్‌నర్ (ఫర్మ్‌లో వాటా ఉన్న సీనియర్ లాయర్), ఒక అసోసియేట్ (జూనియర్ లాయర్) ప్రేమించుకున్నారు. ఎవరి బలవంతమూ లేదు. వాళ్లంతట వాళ్లే హెచ్‌ఆర్‌కి చెప్పారు. వారం తిరక్కుండా అసోసియేట్‌ని వేరే టీమ్‌కి మార్చేశారు. ఇది న్యాయమేనా?

గట్టుమీద:
న్యాయమే. మంచి ఫైళ్లు ఎవరికివ్వాలో, రివ్యూలో ఏం రాయాలో పార్ట్‌నర్ చేతిలోనే ఉంటుంది. మిగతా జూనియర్లు ఏమైపోవాలి? 1989లో షికాగోలోని సిడ్లీ ఆస్టిన్ అనే లా ఫర్మ్‌లో, వేసవి అసోసియేట్‌గా (సెలవుల్లో పనిచేసే లా విద్యార్థిగా) వచ్చిన ఒబామాకి దారి చూపే బాధ్యతని మిషెల్‌కి అప్పగించారు. ఆయన డేట్‌కి రమ్మని అడిగితే ఆమె మొదట కుదరదంది. ఆ జంకు సరైనదే.

పాతఅసోసియేట్:
గట్టుమీద గారూ, మిగతా జూనియర్ల గురించి మీరన్నది ఒప్పుకుంటాను. కానీ నన్నూ ఇలాగే మార్చారు. నాలుగేళ్లు ఒకే క్లయింటు పని చేశాను, వాళ్ల ఒప్పందాలు నాకు కంఠతా వచ్చు. కొత్త టీమ్‌లో మళ్లీ డ్యూ డిలిజెన్స్ (కంపెనీ కాగితాల తనిఖీ) దగ్గర్నుంచి మొదలు. బిల్లింగ్ గంటలు (క్లయింటుకి బిల్లు వేసే పని గంటలు) పడిపోయాయి. ఏడాది చివర రివ్యూలో, "ఆ షేర్‌హోల్డర్ల ఒప్పందం నువ్వే రాశావా, మీ పార్ట్‌నర్ రాసిచ్చారా?" అని అడిగారు. ల్యాప్‌టాప్ తెరిచి ట్రాక్ చేంజెస్ (ఎవరు ఏం దిద్దారో చూపే గుర్తులు) చూపించాను. ఆయన దిద్దింది రెండు కామాలు, ఒక తేదీ. అలా చూపించుకోవాల్సి రావడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ఆయన్ని మాత్రం ఎవరూ ఒక్క మాట అడగలేదు.

పార్ట్‌నర్ ఎక్కడికెళ్లినా క్లయింట్లు వెంట వస్తారు. జూనియర్‌కి ఉన్నదల్లా చేసిన పని, ఆ పని చూసినవాళ్ల మాట. టీమ్ మారిస్తే ఆ రెండూ పోతాయి. ఆ జూనియర్‌కి ఫైళ్ల పంపకం, రివ్యూ, బోనస్... వీటి నుంచి పార్ట్‌నర్‌నే తప్పించండి.

సాక్షి_సంతకం:
క్లయింటుతో అయితే గీత స్పష్టంగా ఉంది. అమెరికన్ బార్ అసోసియేషన్ (అక్కడి లాయర్ల సంఘం) నమూనా నియమాల్లో 1.8(జె) ప్రకారం, అంతకుముందే బంధం ఉంటే తప్ప క్లయింటుతో శారీరక సంబంధం కూడదు. సహోద్యోగుల విషయంలో అలాంటి గీత లేదు, ఫర్మే గీయాలి. గీసేది పార్ట్‌నర్లే కాబట్టి భారం జూనియర్ మీద పడుతోంది.

గట్టుమీద:
ఆ పార్ట్‌నర్‌ని చూసి వచ్చిన క్లయింటు ఊరుకుంటాడా?

పాతఅసోసియేట్:
ఫైలు వదిలేయమనట్లేదండీ. ఆ ఒక్క జూనియర్ రివ్యూ ఇంకో పార్ట్‌నర్ రాయాలంటున్నాను. క్లయింటుకి అది తెలియనే తెలియదు.

గట్టుమీద:
అలాగైతే నాకు అభ్యంతరం లేదు. మార్పు రాతలో ఉండాలి, టీమ్ అందరికీ తెలియాలి.

తొలకరి:
మా అసోసియేట్ పాత ఫైళ్లు ఇంకా అప్పగించలేదు. సోమవారం హెచ్‌ఆర్‌ని ఇదే అడగమంటాను, మెయిల్‌లోనే.