బోకియాస్ వెళ్ళొచ్చినవాళ్ళున్నారా?

పటమటవాసి: మా అల్లుడిది టెక్సాస్. వచ్చే నెల బిగ్ బెండ్ పార్కు చూపించి, అక్కడ్నుంచి పడవలో ఏరు దాటి మెక్సికోలోని బోకియాస్‌లో భోంచేద్దామంటున్నాడు. పడవెక్కి ఇంకో దేశమా అని మా ఆవిడకి ఒకటే టెన్షన్. చూడ్డానికేమైనా ఉందా?

గుంటూరు మిర్చి: వెళ్ళొచ్చామండీ. రియో గ్రాండే అని పెద్ద పేరేగానీ, అక్కడ మన కృష్ణ ముందు పంటకాలవే, నాలుగు తెడ్లు వేసేలోపు అవతలి ఒడ్డు. అక్కడ్నుంచి గాడిద మీద ఊళ్ళోకి. మా ఆయన ఎక్కితే అది కదల్లేదు, సరే, ఆ కథ వేరు. ఇళ్ళ ముందు బల్లల మీద తీగకి పూసలు గుచ్చి చేసిన తేళ్ళు, పక్షులు అమ్ముతారు. ఒక తేలు ఇప్పటికీ మా ఫ్రిజ్ మీదుంది.

లంకబాబు: 19వ శతాబ్దం చివర్లో వెండి, సీసం గనుల వల్ల పెరిగిన ఊరది. గనులు పోయాక టూరిస్టులే దిక్కు. 2001 దాడుల తర్వాత, 2002లో అమెరికా ఆ రేవు మూసేసింది, మళ్ళీ తెరిచింది 2013 ఏప్రిల్‌లో. ఒడ్డు కళ్ళెదుటే, వెళ్తే నేరం! చాలామంది ఊరొదిలేశారు. 2015లో సోలార్ కరెంటొచ్చింది.

పటమటవాసి: మరి వీసా?

గుంటూరు మిర్చి: చెల్లే అమెరికా వీసా ఉంటే మెక్సికోది అక్కర్లేదు. తిరిగొచ్చేటప్పుడు మిషన్‌లో పాస్‌పోర్టు పెట్టి, ఆఫీసర్‌తో ఫోన్లో మాట్లాడాలి. రోజూ తెరవరు, వారాలు చూసుకుని వెళ్ళండి.