చిన్నపేగులో ఇన్ఫెక్షన్ ఏదో కెమెరా మాత్రతో తేలిపోతుందా?

ప్రశ్న (దేవరకొండ నుంచి):
మా నాయనకు 58 ఏళ్లు. ఏడు నెలలుగా విరేచనాలు తగ్గడం లేదు, రక్తం ఎక్కించినా హిమోగ్లోబిన్ మళ్లీ పడిపోతోంది. ఎండోస్కోపీలోనూ కొలనోస్కోపీలోనూ ఏమీ కనిపించలేదు. క్షయ గాని, అరుదైన మరో ఇన్ఫెక్షన్ గాని కావచ్చని, కెమెరా ఉన్న మాత్ర మింగించాలని డాక్టరు గారు అంటున్నారు. దానితో జబ్బు పేరు తేలుతుందా, లేక హైదరాబాదుకు మళ్లీ మళ్లీ తిరగవలసి వస్తుందా?

జవాబు (మహబూబ్‌నగర్, జీర్ణకోశ వైద్యుడు):
ఆ రెండు గొట్టాలూ చిన్నపేగు మొదలును, చివరను మాత్రమే అందుకుంటాయి. మధ్యలోని మీటర్ల కొద్దీ పేగును చూడటానికి 2001 నుంచి వాడుకలో ఉన్న ఈ మాత్ర ఎనిమిది గంటలో, ఇంకా ఎక్కువో ఫొటోలు తీసి, నడుముకు కట్టిన రికార్డరుకు పంపుతుంది. అయితే పరీక్షకు పేగు నుంచి చిన్న ముక్క తీయడం (బయాప్సీ) దానివల్ల కాదు కాబట్టి, పుండు ఎక్కడుందో చూపుతుంది గాని ఎందుకు వచ్చిందో చాలాసార్లు చెప్పలేదు. క్షయ పుండూ, క్రోన్స్ (ఇన్ఫెక్షన్ కాని, పేగు వాచి పుండ్లు పడే దీర్ఘకాలిక జబ్బు) పుండూ ఫొటోలో ఒకేలా ఉండవచ్చు. చాలా అరుదైన విపుల్స్ వ్యాధి అనే బాక్టీరియా ఇన్ఫెక్షన్‌లో పేగు లోపొర పాలిపోయి పసుపుగా కనిపించినా, బయాప్సీ లేకుండా నిర్ధారించకూడదు. కొంకిపురుగు పేగు గోడను పట్టుకుని కనిపిస్తే మాత్రం ఆ ఫొటోయే చాలు. మింగించే ముందు పేగు ఎక్కడైనా ఇరుకైందేమో సీటీలో చూడమని తప్పక అడగండి, ఎందుకంటే క్షయ వల్ల ఇరుకైన చోట మాత్ర చిక్కుకుంటే ఆపరేషన్ దాకా పోవచ్చు. అది బయటపడేదాకా ఎంఆర్ఐ చేయించకండి.

జవాబు (మిర్యాలగూడ నుంచి):
మా మేనత్త ఏళ్ల తరబడి వరి మళ్లలో చెప్పుల్లేకుండా నాట్లు వేసిన మనిషి. ఒక ఆసుపత్రిలో క్రోన్స్ అనుకుని స్టెరాయిడ్ మొదలుపెడితే ఆమె పరిస్థితి విషమించింది. తరువాత మరోచోట కెమెరా మాత్రలో పేగు వాచినట్టు కనబడ్డ చోటికే బెలూన్ ఎండోస్కోపీతో (బెలూన్ సాయంతో చిన్నపేగు లోతుకు వెళ్లే గొట్టం) చేరి ముక్క తీస్తే, మట్టిలోంచి వట్టి కాళ్ల చర్మం గుండా ఒంట్లోకి చేరే స్ట్రాంజిలాయిడిస్ పురుగు బయటపడింది. ఒకసారి చేసిన మల పరీక్షలో అది దొరకలేదు. స్టెరాయిడ్ పడితే ఆ పురుగు ఒంటినిండా పెరిగిపోతుందట. ఐవర్‌మెక్టిన్ అనే పురుగుల మందుతో ఆమె కోలుకుంది.

ప్రశ్న అడిగినవారు:
మా నాయన మోకాళ్ల నొప్పులకు ఊళ్లోని ఆర్‌ఎంపీ ఇచ్చే మాత్రలు రెండేళ్లుగా వాడుతున్నారు. ఈ సంగతి డాక్టరు గారికి చెప్పలేదు.

జవాబు (మహబూబ్‌నగర్, జీర్ణకోశ వైద్యుడు):
రేపే ఆ మాత్రల పట్టీలు పట్టుకెళ్లి చూపండి. నొప్పి మాత్రలే చిన్నపేగులో పుండ్లు, ఇరుకులు తెచ్చి ఇన్ఫెక్షన్‌లా కనిపించవచ్చు. వాటిలో స్టెరాయిడ్ ఉంటే మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపకండి. మల పరీక్ష వేర్వేరు రోజుల్లో కనీసం మూడుసార్లు చేయించి, ఆ తరువాతే కెమెరా మాత్రకు తేదీ తీసుకోండి.