0డబ్ల్యూ-20 పోయాలా, 15డబ్ల్యూ-40 పోయాలా? మన ఎండకి, మన ఘాట్లకి ఏ ఆయిల్?

పర్లాకిమిడి_రోడ్డు:
అందరికీ నమస్కారం. నాది 2022 మోడల్ చిన్న ఎస్‌యూవీ, టర్బో పెట్రోల్. వారంటీ అయిపోయింది. సర్వీస్ కోసం బరంపురం వెళ్లి రావాలంటే ఒక రోజు పోతుంది, అందుకని ఈసారి పాతపట్నంలో మాకు ఎప్పటినుంచో తెలిసిన మేస్త్రీ దగ్గర ఆయిల్ మార్పిద్దామనుకున్నాను. బండి పుస్తకంలో 0డబ్ల్యూ-20 అని ఉంటే అదే కొని తీసుకెళ్లాను. ఆయన రెండు చుక్కలు వేలి మీద వేసుకుని రుద్ది చూసి, "ఇది నీళ్లలా ఉంది బాబూ, మంచు పడే దేశాలకి పనికొస్తుంది గానీ మన ఎండకి నిలబడదు, 15డబ్ల్యూ-40 పోయించుకో" అన్నాడు. మా నాన్న జీపు ఇరవై ఏళ్లు ఆయన చేతిలోనే నడిచింది, ఆయన మాట తీసిపారేయలేను. చైత్రంలో మజ్జిగౌరమ్మ దర్శనానికి రాయగడ వెళ్లాలి. ఐదుగురం, సామాను, ఏసీ, కొండ దారి. ఆయిల్ ఇంకా మార్చలేదు, డబ్బా డిక్కీలోనే ఉంది. టెన్షన్‌గా ఉంది, ఏం చేయమంటారు?

జయపురం_ట్యాక్సీ:
అన్నా, పుస్తకంలో ఏముంటే అదే పోయించు. నా దగ్గర రెండు బళ్లున్నాయి, పాత బొలెరో ఒకటి, బీఎస్6 డీజిల్ ఒకటి. జయపురం నుంచి కొరాపుట్, పొట్టంగి, సుంకి మీదుగా సాలూరు దిగి విజయనగరం దాకా నెలలో పదిసార్లు తిరుగుతాను. బొలెరోకి 15డబ్ల్యూ-40, కొత్త దానికి 5డబ్ల్యూ-30. ఒకే ఘాట్, ఒకే ఎండ, ఒకే డ్రైవరు, అయినా ఆయిళ్లు వేరు. ఆయిల్‌ని అడిగేది ఇంజన్, ఊరు కాదు.

సునాబెడ_రిటైర్డ్:
తమ్ముడూ, మీ మేస్త్రీ చేతి అనుభవాన్ని నేను తక్కువ చేయను. అయితే వేలి మీద రుద్ది చూస్తే తెలిసేది ముప్ఫై డిగ్రీల దగ్గర ఆయిల్ ఎలా ఉందో మాత్రమే, ఇంజన్ లోపల అది పని చేసేది వంద డిగ్రీలకు అటూ ఇటూ. నేను సునాబెడలో విమాన ఇంజన్ల ఫ్యాక్టరీలో పని చేసి రిటైర్ అయ్యాను, లూబ్రికేషన్ మీద ఇష్టం ఇంకా పోలేదు, అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను.

డబ్బా మీద డబ్ల్యూ అంటే వింటర్. దాని ముందున్న అంకె చలిలో ఇంజన్ తిప్పడానికి ఆయిల్ ఎంత అడ్డు పడుతుందో చెబుతుంది. 0డబ్ల్యూని మైనస్ 35 డిగ్రీల దగ్గర, 5డబ్ల్యూని మైనస్ 30 దగ్గర, 15డబ్ల్యూని మైనస్ 20 దగ్గర పరీక్షిస్తారు. జనవరిలో మా సిమిలిగుడ వైపు తెల్లవారుజామున పది డిగ్రీల లోపుకి దిగుతుంది, అది కూడా ఈ లెక్కలో వెచ్చగా ఉన్నట్టే. రెండో అంకె వంద డిగ్రీల దగ్గర చిక్కదనం. 20 రకం 6.9 నుంచి 9.3 సెంటీస్టోక్స్ (చిక్కదనం కొలత, అంకె పెరిగితే ఆయిల్ చిక్కన) మధ్య ఉండాలి, 30 రకం 9.3 నుంచి 12.5, 40 రకం 12.5 నుంచి 16.3. అంటే 0డబ్ల్యూ-20 అంటే సున్నా నుంచి ఇరవై డిగ్రీల వాతావరణానికి అని కాదు, చాలామంది అలాగే అనుకుంటారు.

ఇంకో మాట. ఏ ఆయిలైనా చల్లగా ఉన్నప్పుడు చిక్కగానే ఉంటుంది. నలభై డిగ్రీల దగ్గర 0డబ్ల్యూ-20 సుమారు 40, 45 సెంటీస్టోక్స్ ఉంటే, 15డబ్ల్యూ-40 వందకు పైన ఉంటుంది. అదే 15డబ్ల్యూ-40 వేడెక్కాక 14, 15కి దిగుతుంది. కాబట్టి పొద్దున్న తాళం తిప్పినప్పుడు మీ "నీళ్లలాంటి" ఆయిల్ కూడా, ఘాట్ ఎక్కుతున్న బొలెరోలో కాగిన ఆయిల్ కంటే మూడింతలు చిక్కగా ఉంటుంది. స్టార్ట్ చేసిన మొదటి క్షణాల్లో ఆయిల్ పైన ఉన్న క్యామ్ షాఫ్ట్ దాకా, టర్బో బేరింగ్ దాకా త్వరగా చేరాలి. దాని చోట 15డబ్ల్యూ-40 పోస్తే ఆ పని నిదానిస్తుంది.

బల్లార్షా_రైల్వే:
ఎండ గురించి నేను చెప్తాను, మాది చంద్రపూర్ జిల్లా, మే నెలలో 46, 47 ఇక్కడ మామూలు. నాకూ ఇదే అనుమానం ఉండేది. అందుకని ఇంజన్ కంప్యూటర్ లెక్కలు చూపించే ఓబీడీ రీడర్ కొని డ్యాష్‌బోర్డ్ కింద పెట్టి ఒక ఏడాది చూశాను. డిసెంబర్‌లో పొద్దున్నే బల్లార్షా నుంచి సిరొంచా వెళ్లినా, మే నెలలో మధ్యాహ్నం అదే దారిలో వెళ్లినా, ఒకసారి వేడెక్కాక కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే నీళ్లు) 88 నుంచి 95 మధ్యే ఉంది. ఆ వేడిని ఒకేలా ఉంచే థర్మోస్టాట్ పని అదే కదా. బయట ముప్ఫై డిగ్రీలు తేడా, లోపల ఏడు డిగ్రీలు తేడా. ఆ రోజు నుంచి ఎండ పేరు చెప్పి చిక్కటి ఆయిల్ పోయించడం మానేశాను.

సునాబెడ_రిటైర్డ్:
బల్లార్షా తమ్ముడి కొలత నిజమే, కానీ అందులో చిన్న సవరణ ఉంది. కూలెంట్‌కి థర్మోస్టాట్ ఉంది, చాలా బళ్లలో ఆయిల్‌కి లేదు. పూర్తి లోడుతో, ఏసీ వేసి, మే నెలలో ఘాట్ ఎక్కితే ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే సంప్‌లో ఆయిల్ 110, 120 కూడా చేరవచ్చు. కంపెనీ వాళ్లు దాన్ని కూడా లెక్కలో పెట్టుకునే గ్రేడ్ రాస్తారు. 150 డిగ్రీల దగ్గర ఆయిల్‌ని బేరింగ్ నలిపినట్టు నలిపి చూసే పరీక్ష వేరే ఉంది. అందులో (కొలత సెంటీస్టోక్స్ కాదు, మిల్లీపాస్కల్ సెకండ్లు) 20 రకం కనీసం 2.6 నిలుపుకోవాలి, 30 రకం 2.9, 15డబ్ల్యూ-40 అయితే 3.7.

పర్లాకిమిడి_రోడ్డు:
గురువు గారూ, అలాగైతే 3.7 ఉన్నదే ఎక్కువ రక్షణ కదా? పల్చటి ఆయిల్ మైలేజ్ అంకె పెంచుకోవడానికే కంపెనీలు పెట్టాయని మా మేస్త్రీ అంటున్నాడు.

సునాబెడ_రిటైర్డ్:
ఆయన మాటలో సగం నిజం ఉంది, ఒప్పుకుంటాను. మన దేశంలో కేఫ్ నిబంధనలు 2017-18 నుంచి అమల్లోకి వచ్చాయి, 2022-23 నుంచి ఇంకా గట్టి చేశారు. కంపెనీ అమ్మిన కార్లన్నిటి సగటు ఇంధన ఖర్చు తగ్గాలి, అందులో పల్చటి ఆయిల్‌కీ వాటా ఉంది. మిగతా సగం ఏమిటంటే, ఆ ఇంజన్‌లో బేరింగ్ సందులు, ఆయిల్ పంపు, వాల్వ్ టైమింగ్‌ని ఆయిల్ ఒత్తిడితో మార్చే ఏర్పాటు, అన్నీ ఆ పల్చదనానికి సరిపడా చేసినవే. చిక్కటి ఆయిల్ పోస్తే ప్రెషర్ ఎక్కువ కనిపిస్తుంది, ప్రవాహం తగ్గుతుంది, బేరింగ్ వేడిని మోసుకుపోయేది ప్రవాహమే.

మీరు ఒక పని చేయండి. పుస్తకంలో ఆయిల్ పేజీలో ఉష్ణోగ్రతల పట్టిక ఉందేమో చూడండి. కొన్ని కార్లకి 0డబ్ల్యూ-20తో పాటు 5డబ్ల్యూ-30 కూడా రాస్తారు. అలా ఉంటే, ఘాట్లో లోడుతో తిరిగే మీలాంటి వాళ్లు నిశ్చింతగా 5డబ్ల్యూ-30 పోసుకోవచ్చు, నేనైతే అదే పోస్తాను. పుస్తకం ఒప్పుకున్న ఒక మెట్టు ఎక్కడం వేరు, 20 నుంచి 15డబ్ల్యూ-40కి దూకడం వేరు.

రాయగడ_టీచర్:
నేను ఆ దూకుడు దూకాను, అందుకే రాస్తున్నాను. మా పెట్రోల్ కారుకి 0డబ్ల్యూ-20 రాసి ఉంటే, దొరకలేదని ఒక షెడ్డులో 15డబ్ల్యూ-40 పోశారు, నేను కూడా సరే అన్నాను. మర్నాటి నుంచి పొద్దున్న స్టార్ట్ చేయగానే ట్యాపెట్ సౌండ్, అంతకుముందు లేనిది. స్కూల్ రెండున్నర కిలోమీటర్లే, ఇంజన్ వేడెక్కే లోపే చేరిపోతాను, కాబట్టి నా బండి బతుకంతా చిక్కటి ఆయిల్‌లోనే గడిచింది. మైలేజ్ కూడా లీటరుకి ఒక కిలోమీటరు దాకా తగ్గింది. మూడు నెలలకే తీయించి సరైనది పోయించాను, శబ్దం పోయింది. లోపల అరుగుదల ఏమైనా జరిగిందో లేదో అన్న బెంగ మాత్రం ఇంకా ఉంది.

జయపురం_ట్యాక్సీ:
మేడం, మూడు నెలలకి ఏమీ కాదు, బెంగ వద్దు. చిన్న దూరాల మాట ఎత్తారు కాబట్టి డీజిల్ వాళ్ల కోసం ఒకటి చెప్పాలి. బీఎస్6 డీజిల్‌లో పొగ మసిని పట్టే డీపీఎఫ్ ఉంటుంది. మసి నిండాక ఇంజన్ అదనంగా డీజిల్ వదిలి దాన్ని కాలుస్తుంది, ఆ మధ్యలో మనం బండి ఆపేస్తూ ఉంటే కాలని డీజిల్ కొంత సిలిండర్ గోడల మీదుగా ఆయిల్‌లోకి దిగుతుంది. నా బండి రెండు నెలలు జయపురం టౌన్‌లోనే తిరిగినప్పుడు డిప్‌స్టిక్ మీద ఆయిల్ పై గీత దాటింది. ఆయిల్ తగ్గలేదని సంబరపడ్డాను, వాసన చూస్తే డీజిల్. అలాంటప్పుడు డబ్బా మీద 30 అని ఉన్నా లోపల ఉన్నది 30 కాదు. గ్రేడ్ పెంచుకుంటే ఇది తీరదు, ఆయిల్ త్వరగా మార్చాలి, వారానికోసారి అరగంట హైవే మీద నడపాలి.

అలాగే డీపీఎఫ్ ఉన్న బండికి గ్రేడ్ ఒక్కటి కలిస్తే చాలదు, పుస్తకంలో చెప్పిన ఏసీఈఏ (యూరప్ కార్ల కంపెనీల ఆయిల్ ప్రమాణం) సీ2నో సీ3నో డబ్బా వెనక ఉండాలి. మామూలు ఆయిల్ కాలితే బూడిద ఎక్కువ వస్తుంది, మసి కాలిపోతుంది గానీ బూడిద కాలదు, ఫిల్టర్‌లోనే ఉండిపోతుంది.

బరంపురం_పార్ట్స్:
స్పేర్ పార్ట్స్ షాపు నడుపుతాను. పర్లాకిమిడి అన్నకి ముఖ్యంగా చెప్పాల్సింది, టర్బో పెట్రోల్ కదా, డబ్బా మీద ఏపీఐ ఎస్‌పీ ఉండాలి. పెట్రోల్ ఇంజన్ ఆయిల్ నాణ్యతకి 2020 మేలో వచ్చిన అమెరికా ప్రమాణం ఇది. తక్కువ ఆర్‌పీఎంలో ఎక్కువ బరువు లాగేటప్పుడు స్పార్క్ పడకముందే పెట్రోల్ అంటుకునే జబ్బు డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బోలకి ఉంది, పిస్టన్ పగిలే దాకా పోతుంది. దాన్ని తగ్గించేలా ఆయిల్‌లో కాల్షియం లాంటివి ఎంత ఉండాలో చూసి చేస్తారు. మార్కెట్లో చవగ్గా దొరికే 15డబ్ల్యూ-40లో చాలా వరకు డీజిల్ లారీల కోసం చేసినవి, వెనక సీఐ-4 అని డీజిల్ ప్రమాణం ఉంటుంది. ఘాట్లో మాత్రం నాలుగో గేరులో 1500 ఆర్‌పీఎం మీద ఈడ్చకుండా ఒక గేరు దించి లాగండి. ఆయిల్ ఎంత మంచిదైనా అది చేయాలి.

ఇంకోటి నకిలీ. నా కౌంటర్ దగ్గరికే ఖాళీ డబ్బాలు కొంటామని మనుషులు వస్తారు, ఎందుకో ఊహించుకోండి. మూత కింద సీలు, డబ్బా మీద బ్యాచ్ నంబరు చూడండి, బిల్లు తీసుకోండి, పోయడం అయ్యాక ఖాళీ డబ్బాకి మేకుతో నాలుగు కన్నాలు పెట్టి ఇవ్వండి.

పర్లాకిమిడి_రోడ్డు:
అందరికీ దండాలు. నిన్న పని అయిపోయింది. పుస్తకంలో నిజంగానే పట్టిక ఉంది, 0డబ్ల్యూ-20 పక్కన 5డబ్ల్యూ-30 కూడా. ముందు కొన్న డబ్బా సీలు తీసేసింది కాబట్టి వాపసు ఇవ్వలేను, మా బావమరిది కారుకి అదే గ్రేడ్, అతనికి ఇచ్చేశాను. కొత్తగా 5డబ్ల్యూ-30, ఏపీఐ ఎస్‌పీ, బిల్లుతో తెచ్చాను. మేస్త్రీకి పట్టిక చూపించి, బల్లార్షా అన్న కొలత, ఆ మూడింతల లెక్క చెప్పాను. ఆయన చాలాసేపు పేజీ చూసి, "ఇలా పుస్తకం తెచ్చి చూపించేవాళ్లు ఎవరున్నారు బాబూ, నా దగ్గరికొచ్చే ప్రతి కొత్త బండికీ నేను అలవాటు కొద్దీ అదే పోస్తున్నాను" అన్నాడు. ఫిల్టర్, డ్రెయిన్ ప్లగ్ వాషర్ కొత్తవి వేశాడు. డబ్బాకి కన్నాలు ఆయనే పెట్టాడు.

ఈ ఉదయం గుణుపురం దాకా వెళ్లి వచ్చాను. చల్లారాక డిప్‌స్టిక్ చూస్తే పై గీతకి కొంచెం కింద ఉంది, దాన్ని ఫోటో తీసి పెట్టుకున్నాను. రాయగడ వెళ్లొచ్చాక మళ్లీ అదే చోట బండి నిలిపి చూసి ఇక్కడ రాస్తాను.

రాయగడ_టీచర్:
ఆ మేస్త్రీ గారి షెడ్డు పాతపట్నంలో ఎక్కడో కొంచెం చెప్తారా? మా తమ్ముడిది టెక్కలి, అతని కారుకి కూడా ఆయిల్ మార్చే టైమ్ వచ్చింది. పుస్తకం పట్టుకెళ్లమంటాను.