‘లేనియెడ దృప్తుడనై’: ఆ ‘దృ’ ఎక్కడిది?

కొత్త సభ్యుడు: గీత 4వ అధ్యాయం జ్ఞానాన్ని మించిన పవిత్రం లేదంటుంది. కేనోపనిషత్తేమో తెలుసనుకున్నవాడికి తెలియదంటుంది. రెంటికీ పొత్తు కుదరక సతమతమవుతుంటే చిన్నప్పటి పద్యం తట్టింది: ‘తెలివి యొకింత లేనియెడ... ప్తుడనై కరిభంగి’. తృప్తుడా, దృప్తుడా? రాత్రి నుంచి నిద్ర లేదు.

శకటరేఫ: దృప్తుడే, అంటే గర్వించినవాడు. ఏనుగు లక్ష్మణకవి పద్యం, భర్తృహరి సంస్కృత శ్లోకానికి తెలుగు. భర్తృహరి ‘ద్విప ఇవ మదాంధః’, ఏనుగులా మదంతో కళ్లు మూసుకుపోయి, అన్నాడు. మదించిన ఏనుగుకు తృప్తేమిటండీ?

ద్రుతం: అంత తేలిగ్గా తేల్చేస్తే ఎలా? ‘లేనియెడన్’ ద్రుతాంతం, అంటే చివర ‘న్’ ఉంది. దాని తర్వాతి ‘త’ ‘ద’ అవుతుంది, అదే సరళాదేశం. కాబట్టి తృప్తుడైనా ‘దృ’ అనే వినబడుతుంది. యతీ సాయపడదు, పాదం మొదటి ‘తె’తో కలవాల్సిన చోట రెండూ చెల్లుతాయి. పైగా కిందనే ‘గర్వితమతిన్’ ఉంది. దృప్తుడంటే చెప్పిందే చెప్పినట్టు. అంతా తెలిసింది, ఇక చాలు అన్న తృప్తే అసలు జబ్బు.

శకటరేఫ: చెప్పిందే చెప్పడం మూలంలోనే ఉంది. మదాంధః, అవలిప్తం, మళ్లీ మదః: అన్నీ గర్వమే.

పూర్ణబిందువు: మీ తగువు తీర్చేది అరసున్న. ‘యెడ’ మీద అది (ఁ) ఉంటే ఆదేశసరళం, అంటే ‘త’ మారి వచ్చిన ‘ద’, కాబట్టి తృప్తుడు. లేకపోతే దృప్తుడు. బాలవ్యాకరణం సంధి పరిచ్ఛేదం తిరగేయండి.

శకటరేఫ: మీకంటే ముందే తిరగేశాను లెండి. లక్ష్మణకవి ఆ వ్యాకరణం రాసిన చిన్నయసూరిని చదివి రాయలేదు. ఆ అరసున్న కవి పెట్టిందా, అచ్చువేసినవాళ్లు పెట్టిందా?

పాతపుస్తకం: నా బాధ వేరు. మూలంలో గర్వం ‘జ్వర ఇవ’, జ్వరంలా దిగిపోయింది. తెలుగులో ‘గతమయ్యె నితాంత గర్వమున్’. ఆ జ్వరమే మాయం! ‘కించిజ్జ్ఞః’ అంటే కాస్త తెలిసినవాడు. ‘యొకింత లేనియెడ’ అనేసరికి ఏమీ తెలియనివాడయ్యాడు. కాస్త తెలిస్తేనే కదా పొగరు!

పూర్ణబిందువు: వినయమంటే పోతనదండీ. భాగవతం తెలిసి చెప్పడం శివుడికీ బ్రహ్మకూ కూడా చిత్రమేనట. తాను ‘విబుధజనుల వలన విన్నంత కన్నంత’ చెబుతాడట. పండితుల దగ్గర కాస్త కాస్త తెలుసుకున్నానన్న భర్తృహరి ‘బుధజనసకాశాత్’ గుర్తురావడం లేదూ?

పాతపుస్తకం: ‘కన్నంత’ అంటే గ్రంథాల్లో చూసినంతా, లేక మనసుకు కనబడినంతా?

కొత్త సభ్యుడు: మరి నా గీత, ఉపనిషత్తు?

ద్రుతం: 13వ అధ్యాయం చూడండి. ‘అమానిత్వం’తో మొదలెట్టి, ఆ వరస మొత్తాన్నీ ‘ఏతత్ జ్ఞానం’ అంది. గొప్పలకు పోకపోవడం కూడా జ్ఞానంలోదే. ఇక పేచీ ఎక్కడ?

శకటరేఫ: పేచీ ‘కన్నంత’లో ఉంది. మనసుకు కనబడితే ‘విబుధజనుల వలన’ ఎందుకు?